రెండో కట్టుకు రాని పిల్ల

ఆదివారం పూట అబద్ధం వింటే కృపామణికి కోపం రాదు, ఆకలి వేస్తుంది. ఇరవయ్యారేళ్ళు తిరుపతిలో హెడ్ కానిస్టేబులుగా మొగుడూ పెళ్ళాల పంచాయితీలు విని విని ఒళ్ళు అలా తయారైంది. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక ఆ ఆకలి ఇంకా పెరిగింది. అందుకే ఆమె బల్ల సొరుగులో ఫైళ్ళకన్నా పైన మురుకుల డబ్బా ఉంటుంది. ఇవాళ ఎనిమిదీ నలభై అయ్యేసరికి ఆమె మూడో మురుకు కొరికింది. ఎదురుగా కూర్చున్న మహిత అప్పటికి మూడు అబద్ధాలు ఆడిందన్నమాట.

"మాత్రలు మానేసి శానా దినాలయిందక్కా," అంది మహిత నేలచూపులు చూస్తూ. అది మూడోది.

"అమ్మీ, నీ ఫోన్లో రాత్రి తొమ్మిదిన్నరకు అలారం పెట్టుకోని ఉండావు. దానికి 'పాలు' అని పేరు పెట్టినావు. పాలు తాగితే నీకు కడుపులో దేవుతుందని పోయిన వారం నువ్వే చెప్పినావు. ఇంగ ఆ తొమ్మిదిన్నర పాలు ఏమి పాలో చెప్పు."

మహిత చేతిసంచీని ఒళ్ళోకి లాక్కుంది. "లాయరు రాజారత్నం సారుకు కూడా మానేసినాననే చెప్పినానక్కా. మింగతా ఉండానంటే పిచ్చిదని రాసేస్తారు. పాపను మా ఆయనకే ఇచ్చేస్తారు."

"నాకు బీపీ ఉండాది. మా ఆయన ప్రేమానందానికి షుగరు ఉండాది. మాత్రలు మింగిన దినం మేమిద్దరమూ బంగారాలమే. మరిచిపోయిన దినమే ఇంట్లో రచ్చ. నువ్వు ఏడాదిన్నరగా ఒక్క పూటా తప్పకుండా మింగతా ఉండావే, అది నీ కేసుకు బలం. దాచిపెట్టినావనుకో, రేపు వాళ్ళు బయటికి లాగినప్పుడు అదే నీ మెడకు చుట్టుకుంటుంది. జబ్బు ఉండాదా లేదా అని కాదు జడ్జి చూసేది. బిడ్డ నీ కడ బాగుందా లేదా అని."

మహిత తల ఊపింది. ఆ ఊపులో నమ్మకం ముప్పావు, భయం పావు. అదే చాలనుకుంది కృపామణి.

మహిత బస్సు కండక్టరు. తిరుపతికీ శ్రీకాళహస్తికీ మధ్య రోజుకు ఆరు ట్రిప్పులు తిరుగుతుంది. రెండేళ్ళ కిందట ఏడో నెలలో ఆమెకు కడుపు పోయింది. ఆ తర్వాత మూడు నెలలు మంచం దిగలేదు, అన్నం సహించలేదు, ఉన్న కూతురు వచ్చి చెయ్యి పట్టుకున్నా పలకలేదు. డాక్టర్ సుజన అది డిప్రెషన్ అని చెప్పి వైద్యం చేసింది. ఆరు నెలలకు మహిత మళ్ళీ టికెట్ మెషీన్ మెడలో వేసుకుంది. కానీ ఆ ఆరు నెలల్లోనే కాపురం బీటలు వారింది. భర్త మునిప్రసాద్‌ది ఐరాల, మామిడితోటల ఆసామి. ఇద్దరూ వేరుపడి ఏడాది అయింది. ఆరేళ్ళ ప్రసూన తల్లి దగ్గరే ఉంటుంది. రెండు వారాలకోసారి శని, ఆదివారాలు మాత్రం తండ్రి తీసుకెళ్ళి దింపిపోవాలని కోర్టు చెప్పింది.

పోయిన వారం శనివారం ఉదయం తొమ్మిది గంటలకు బస్టాండులో మహిత పిల్లను తండ్రికి అప్పగించింది. పిల్ల తిరిగి రాలేదు. బుధవారంనాడు కోర్టు కాగితం వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: మతిస్థిమితం లేని తల్లి శుక్రవారం రాత్రి పూనకం వచ్చినట్టు ఊగిపోయి పిల్ల ఎడమచెయ్యి విరిచింది. తండ్రి వాచిన చేత్తో ఉన్న పిల్లను తొమ్మిది గంటలకు అందుకుని నేరుగా ఐరాల వెళ్ళాడు, మర్నాడు చిత్తూరులో ఒక క్లినిక్కులో పిండికట్టు వేయించాడు. కాబట్టి పిల్లను పూర్తిగా అతనికే ఇవ్వాలి. దానికి తోడు ఒక ఫోటో, నాలుగు నెలల మందుల బిల్లులు. చిత్తూరులోని ఒక మెడికల్ షాపులో మహిత పేరున, ఆమె తిరుపతిలో కొనే మాత్రలే రెండోసారి కొన్నట్టు బిల్లులు. చేతికందినన్ని మాత్రలు మింగే మనిషి పిల్లను ఎలా పెంచుతుందని ప్రశ్న. విచారణ రేపు సోమవారం పదిన్నరకు.

కృపామణి కళ్ళద్దాలు సర్దుకుని ఫోటోను కిటికీ వెలుతురులోకి పట్టింది. పిండికట్టు వేయకముందు తీసిన ఫోటో అది. పిల్ల ముంజేయి కొద్దిగా వంగి ఉంది. అందరూ ఆ వంకరే చూశారు. కృపామణి చర్మం చూసింది.

"పాప చేతికి ఏమన్నా పసరు పూసినావా?"

"లేదక్కా."

"కోడిగుడ్డు?"

"చేతికి కోడిగుడ్డు పూసేదేందక్కా?"

"ఇట్లా చూడు. ఈడ పచ్చగా మరక ఉండాది. ఈ తెల్లటి పొక్కులు గుడ్డు సొన ఆరిపోయిన గుర్తు. మణికట్టు నుంచి మోచేతి దాకా నాలుగు నిలువు చారలు ఉండాయి, వెదురుబద్దలు ఒత్తుకున్నవి. క్లినిక్కుకు పొయ్యేదానికి ముందర ఎవరో ఈ చేతికి పుత్తూరు కట్టు కట్టినారు. మళ్ళా ఎవరో విప్పేసినారు."

చైను దొంగను తరుముతూ కాలువలో పడి కృపామణి ఒకసారి మణికట్టు విరగ్గొట్టుకుంది. నలభై రోజులు ఆ పసరు వాసనతోనే పడుకుంది కాబట్టి ఆ గుర్తులు ఆమెకు కొత్త కావు. అసలు ఈ జిల్లాలో ఎముక విరిగితే మనిషి ఆలోచించడు. కాళ్ళే పుత్తూరు దోవ పట్టుకుంటాయి. డాక్టరుకు చూపించుకోవడం, కోర్టుకు ఏం చెప్పాలో అనుకోవడం అన్నీ ఆ తర్వాతే. పాపం ఎవరో కథ అల్లక ముందే కట్టు కట్టించేశారు.

"మీ ఆయనకు ఆ శనివారం పుత్తూరు వైపు ఏమన్నా పని ఉండిందా?"

మహిత ఫోనులో తేదీ చూసుకుంది. "వాళ్ళ చిన్నాయన మనవడికి పుత్తూరులో చెవులు కుట్టే ఫంక్షను ఉండిందక్కా. తాను పోవడం లేదని చెప్పినాడు."

"పోనని చెప్పిన మొగోడే ముందర పోతాడు. లెయ్యి. పెద్దవాళ్ళకు మూడు బద్దలు, పిల్లోళ్ళకు నాలుగు బద్దలు పెట్టి కట్టే మనిషి ఆ దోవలో ఒక్కడే ఉండాడు. వడమాలపేట గురప్ప."

చర్చిలో ప్రార్థన ఎగ్గొడుతున్నందుకు ప్రేమానందం ఫోనులో పెట్టిన నిట్టూర్పు బొమ్మను చూసీ చూడనట్టు దాటేసి, కృపామణి స్కూటరు తీసింది.

వాళ్ళు వడమాలపేటలో దిగేసరికి పదీ ఇరవై. గురప్ప ఇల్లు వెతుక్కోనక్కర్లేదు, ఆ ఇంటి గోడే బోర్డు. అరుగు పక్కనున్న పొడవాటి గోడంతా సుద్దముక్కతో రాసిన పేర్లు, తేదీలు, గంటలు. అయితే ఇవాళ ఆ గోడకు ఎడమ చివర ఇద్దరు మనుషులు సున్నం కొడుతున్నారు. ఒక బారెడు గోడ అప్పటికే మల్లెపువ్వులా తెల్లబడింది. వాళ్ళ వెనక నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిలబడిన మనిషి కనపడకముందే అతని సెంటు వాసన కృపామణికి తగిలింది.

చిత్తూరు ధనంజయ. ఇన్సూరెన్సులో దొంగ క్లెయిములు పట్టే ఉద్యోగం చేసి, ఆ అనుభవంతో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టినవాడు. మునిప్రసాద్ తరఫున ఫోటో, బిల్లులు పోగుచేసింది అతనే. మూడేళ్ళలో ఇద్దరూ ఐదు కేసుల్లో తలపడ్డారు. లెక్క ప్రకారం కృపామణి మూడు గెలిచింది. ధనంజయ లెక్కలో అతను మూడు గెలిచాడు.

"ఏమప్పా ధనంజయా, సున్నం కాంట్రాక్టు ఎప్పుడు మొదలుబెట్టినావు?"

ధనంజయ ఉలిక్కిపడి, వెంటనే నవ్వు తగిలించుకున్నాడు. "సేవ, మేడమ్. పెద్దాయన ఇల్లు పాతబడిపోయింది కదా అని నా వంతు."

"చిత్తూరులో పాత ఇండ్లే లేవా? డెబ్బై కిలోమీటర్లు వచ్చి ఈడ సేవ చేస్తా ఉండావే!"

"మంచి పనికి దూరం ఏముంది మేడమ్? మీరు కొట్టండప్పా, ఆగొద్దు."

సున్నం కుంచె ఇంకో మూర ముందుకు జరిగింది. కృపామణి మాటలతో కాలం వృథా చేసే మనిషి కాదు. చరచరా వెళ్ళి గోడకు వీపు ఆనించి, కుంచెకు ఎదురుగా నిలబడింది. "ఇది ప్రార్థనకు కట్టుకునే పట్టుచీర. దీని మీద ఒక్క చుక్క పడిందంటే నేను మాజీ హెడ్ కానిస్టేబులునన్న సంగతి నాకు గుర్తొస్తుంది. ఆపైన మీ ఇష్టం."

కుంచె గాల్లో ఆగిపోయింది. సున్నం బొట్లు బొట్లుగా ఆ పనివాడి కాలిమీదే పడ్డాయి. మహిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వారం రోజుల్లో ఆమెకు నవ్వు రావడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే వీధి చివర నుంచి ఆకుల మూట భుజాన వేసుకుని గురప్ప వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, చేతులు మాత్రం ముప్పై ఏళ్ళవి. తెల్లబడిన గోడ చూడగానే మూట కింద పడేశాడు.

"ఎవుర్రా నా గోడ ముట్టింది? నేను ఆకు కోసుకొచ్చేదానికి పోతే ఇంత పని చేస్తారా? ఆ మూల నగరి మేస్త్రి కాలు ఉండాది, ఇంకా మూడో కట్టు కావల్ల! గోడ మీద పేరు ఉండగా తుడిస్తే ఎముక అతకదని మా తాత కాలం నుంచి లెక్క. ఉగాది ముందర ఒక్క తూరే సున్నం కొట్టేది, అది కూడా కట్టులో ఒక్క మనిషీ లేని దినం సూసి!"

పనివాళ్ళిద్దరూ బకెట్లు తీసుకుని ధనంజయ కారు వెనక్కి జారుకున్నారు. ధనంజయకు దాక్కోవడానికి కళ్ళద్దాలు తప్ప ఏమీ మిగల్లేదు.

కృపామణి గోడ వెంట నడుస్తూ చదివింది. పేరు, వయసు, ఏ ఎముక, ఎప్పుడు విరిగింది, ఎప్పుడు కట్టింది, మళ్ళీ ఎప్పుడు రావాలి. గురప్ప రిజిస్టరు పెట్టడు, రసీదు రాయడు. కానీ తొమ్మిదో రోజు అదే గంటకు రెండో కట్టు కట్టాలన్నది అతని పట్టు. అందుకోసమే ఈ గోడ. సున్నం కుంచె ఆగిన చోటికి రెండు జానల దూరంలో ఆమె వేలు నిలిచింది.

*ప్రసూన. 6 ఏండ్లు. ఎడమ ముంజెయ్యి. పడింది శనివారం 10.40. కట్టింది 11.20. రెండో కట్టు ఆదివారం 11.20.*

మహిత ఆ పేరును వేళ్ళ కొసలతో తాకబోయి, సుద్ద చెరిగిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆపుకోలేకపోయింది.

"తొమ్మిదికి తిరుపతిలో నీ చేతిలోనుంచి పోయిన బిడ్డ, పదీ నలభైకి ఈ దోవలో పడింది," అంది కృపామణి ఫోటోలు తీస్తూ. "పెద్దాయనా, ఈ 'పడింది' అనేదానికి గంట ఎట్లా తెలిసింది నీకు?"

"వాపు లెక్కమ్మా. అడగతాను, చేత్తో పట్టి సూస్తాను, రెండూ కుదరాల. ఆ బిడ్డ చెయ్యి మెత్తగా ఉండె. ముందురోజు రాత్రి విరిగింటే రాయి మాదిరి గట్టిపడి ఉంటుంది. పడి గంట కూడా కాలేదు."

"ఎవరు తీసుకొచ్చినారు?"

"వాళ్ళ నాయనే. ఆయప్ప మోకాలు కూడా దోక్కుపోయి ఉండె. అయితే ఒకటి చెప్తానమ్మా, నేను ఇన్నేండ్లలో అట్లాంటిది సూడలా. బిడ్డ ఏడస్తా ఉండాది, ఈ మనిషి అరుగు మీద కూసోని నిద్రపోతా ఉండాడు! తాగినాడేమో అని దగ్గరికి పొయ్యి వాసన సూసినా. తాగలా. బండి ఎట్లా పడిందని బిడ్డను అడిగితే, 'నాయన బండి మీదనే నిద్దరపోయినాడు తాతా' అనె."

ధనంజయ గొంతు సవరించుకున్నాడు. "ఒక ముసలాయన మాట, ఒక సుద్దగీత. కోర్టులో ఇవి నిలబడతాయా మేడమ్? నా బిల్లులు కాగితం మీద ఉండాయి."

"నీ బిల్లుల సంగతే చెప్తా ఉండు." కృపామణి సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "ఎనిమిది బిల్లులు. ఎనిమిదీ చిత్తూరులో, పొద్దున పదికీ పన్నెండుకూ మధ్య. ఆ ఎనిమిది దినాలూ అదే గంటల్లో ఈ అమ్మాయి కాళహస్తి బస్సులో టికెట్లు కొడతా ఉండింది. డిపో నుంచి లెక్క తెప్పించినాను. ఒకే మనిషి రెండు ఊర్లల్లో ఎట్లా ఉంటుంది అప్పా?"

"ఎవరినన్నా పంపించి ఉండచ్చు."

"ఎవర్ని?"

జవాబు గురప్ప దగ్గర ఉంది. అతను లోపలికి వెళ్ళి గూట్లోంచి ఏదో తెచ్చి కృపామణి అరచేతిలో పెట్టాడు. "మాత్రలంటే గుర్తొచ్చింది. ఇది ఆయప్ప జోబీలో నుంచి పడిందమ్మా. రెండో కట్టుకు వచ్చినప్పుడు ఇద్దామని ఎత్తిపెట్టినా."

పది మాత్రల అట్ట. ఆరు అయిపోయాయి, నాలుగు మిగిలాయి. మహిత ఆ అట్ట వంక చూసింది. తర్వాత నెమ్మదిగా తన చేతిసంచీ తెరిచి, పొద్దున్నుంచి దాచిన తన మాత్రల అట్ట తీసి దాని పక్కన పెట్టింది. అదే పేరు, అదే రంగు, అదే మోతాదు.

"ధనంజయా, ఆ బ్యాచి నంబరు చదువు. తర్వాత నీ ఆఖరి బిల్లులో ఉండేది చదువు."

అతను కళ్ళద్దాలు తీసి ఫోను తెరిచి, రెండు నంబర్లూ పైకే చదివాడు. అక్షరం తేడా లేదు. తాను నాలుగు నెలలు తిరిగి పోగేసిన సాక్ష్యం తన క్లయింటు మీదికే తిరిగిందని అప్పుడు అర్థమైంది అతనికి.

మునిప్రసాద్ తన భార్య పాత మందుల చీటీ పెట్టుకుని, ఆమె పేరు మీదే, ఆమె మాత్రలే కొనుక్కుని మింగుతున్నాడు. డాక్టరు గడప తొక్కకుండా, ఎవరికీ తెలియకుండా.

"ఇది రాత్రి పడుకునేటప్పుడు వేసుకునేది అక్కా," అంది మహిత. "నిద్దర పట్టిస్తుంది. పొద్దన వేసుకోని బండి ఎక్కకూడదని సుజన మేడం నాకు చెప్పినారు. ఆయనకు చెప్పేవాళ్ళు ఎవరు? టిఫిను తిని వేసుకోని ఉంటాడు."

కృపామణికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. గోడ, గంట, మాత్రలు, బ్యాచి నంబరు. ఇంతకన్నా గట్టి కేసు ఆమె సర్వీసులోనే లేదు. "అయిపోయింది అమ్మీ! రేపు పదిన్నరకు రాజారత్నం సారు లేసి నిలబడి, మతిస్థిమితం ఎవరికి లేదో తేల్చండి సార్ అంటే..."

"అట్లా అనొద్దక్కా."

మహిత గొంతు పెద్దది కాదు. కానీ నిండు బస్సులో వెనక సీటుదాకా వినిపించే గొంతు అది. కృపామణి నోరు మూసుకుంది.

"ఆ మాట నేను పడినాను. ఏడాది పొడుగునా పడినాను. ఇంకొకరు పడేది నాకొద్దు. బిడ్డ పోయినప్పుడు నేను ఏడ్చినాను, మంచాన పడినాను, అందరూ చూసినారు, డాక్టరు కాడికి ఎత్తుకోని పోయినారు. ఆయన ఏడవలేదక్కా. తోటకు పోయినాడు, కాయ కోయించినాడు, లారీలకు ఎక్కించినాడు. ఏం మనిషిరా, గుండె ఉండాదా వీడికి అని నేనే తిట్టినాను. నాకేం తెలుసు?" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు బాగయింది ఈ మాత్రతోనే అని చూసినాడు కదా. నోరు తెరిచి అడిగేదానికి సిగ్గుపడి, నా చీటీ ఎత్తుకోని పోయినాడు."

అరుగు మీద ఆకులు నూరడం మొదలుపెట్టిన గురప్ప చెయ్యి ఆగింది. తాను గెలుపు లెక్కలు వేసుకుంటుంటే మహిత మనిషి గురించి ఆలోచిస్తోందని కృపామణికి సిగ్గు వేసింది.

తర్వాత మహిత హఠాత్తుగా తల ఎత్తింది. "ఈ అట్ట ఈడ పడిపొయ్యి ఎనిమిది దినాలు. మళ్ళా కొన్నాడా?"

ధనంజయ నేల చూశాడు. "కొనలేదు. కొనలేడు కూడా. సోమవారమే ఆ షాపుకు పొయ్యి చెప్పినాను, ఆమె పేరు మీద ఇంగ ఎవరు వచ్చినా ఇయ్యొద్దని. సాక్ష్యం చెడిపోకుండా ఉండాలని."

"అయ్యో అప్పా!" అంది మహిత. "ఉన్నట్టుండి ఆపకూడదు ఇవి. మొదట్లో నేను ఒక తూరి ఆపి చూసినాను. నాలుగో దినానికి నిద్దర పోయింది, తల తిరిగింది, నేను ఎవరికీ అక్కర్లేదని ఒకటే ఆలోచన. మేడం తిట్టి మళ్ళా మొదలుబెట్టించినారు."

గోడ గడియారంలో పదకొండూ ఇరవై దాటింది. గురప్ప వీధి వైపు చూశాడు. "ఆ బిడ్డ రాలేదే. తొమ్మిదో దినం ఈ పొద్దే."

"రాడు," అన్నాడు ధనంజయ. "నిన్న సాయంత్రం ఫోను చేసినాడు. పాపకు పిండికట్టు పడలేదు, గురప్ప కాడికి ఎత్తుకోని పోతాను, గోడ మీద పేరుండాది అని నోరు జారినాడు. అందుకే నేను ఈడికి వచ్చింది. పోవద్దప్పా, కేసు పోతుంది అని చెప్పినాను. సరే అన్నాడు."

మహిత ఏడాది తర్వాత మొదటిసారి అత్త నాగులమ్మకు ఫోను చేసింది. స్పీకరులో నాగులమ్మ వెంటనే అందుకుంది. "మహితా, నువ్వా? వాడు పొద్దన ఎనిమిదికే పాపను బండి ఎక్కించుకోని పోయినాడమ్మా, కట్టు కట్టించల్లని. వారం దినాలుగా కన్ను మూయలేదు. ఫోను చేస్తే ఎత్తడం లేదు. మేము తప్పు చేసినాము తల్లీ, ముందర నా మనవరాలు యాడుండాదో చూడు!"

ఎనిమిదికి బయలుదేరిన బండి పదకొండున్నర దాటినా రాలేదు. నిద్రలేని మనిషి, విరిగిన చెయ్యి ఉన్న పిల్ల, హైవే మీద లారీలు. కృపామణి ఆ దోవలో ఏ స్టేషనులో పాతవాళ్ళు ఎవరున్నారో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ ఉండగానే మహిత ఫోను మోగింది. నాగులమ్మ కాదు. చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సులో కండక్టరు కోమలి, మహిత స్నేహితురాలు.

"ఏమ్మే మహితా, ఇంతసేపా ఫోనులో మాట్లాడేది? నీ కూతురు నా బస్సులో ఉండాది! ముందర సీట్లో కూసోని డ్రైవరన్నకు ఒకటే కథలు చెప్తా ఉండాది. నా శనక్కాయలన్నీ అయిపోగొట్టింది. బాగుండాది, ఏమీ కాలేదు."

"ప్రసూనా!" అని మహిత అరిచిన అరుపుకు వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. "అమ్మా, నేను టికెట్ కొట్టినా!" అని అవతలి నుంచి ఒక చిన్న గొంతు వినిపించింది. కృపామణి రెండు చేతులూ జోడించి పైకి చూసింది. పక్కనే ఉన్నందుకు ధనంజయ వీపు మీద ఒక్కటి చరిచింది కూడా. అతను కూడా నవ్వేశాడు.

"పాకాల క్రాసు కాడ ఎక్కించినాడు మీ ఆయన," అంటోంది కోమలి. "బండి మీద కండ్లు మూసుకుపోతా ఉండాయి, పాపను దీని మీద ఎక్కించుకోని పోలేను, బస్సే మేలు అన్నాడు. నువ్వు మహిత స్నేహితురాలివి కదా, జాగ్రత్తగా వాళ్ళమ్మకే ఇయ్యి అన్నాడు."

"ఆయన యాడుండాడు? ఇయ్యి."

"ఎక్కలేదుమ్మే. బండి తాళం, ఫోను, చేతి గడియారం ఒక కవర్లో పెట్టి నాకు ఇచ్చినాడు, ఇవి కూడా మహితకే ఇయ్యమని. 'ఇంగ పాప వాళ్ళమ్మ కాడనే ఉంటాది, నాతో ఎవరికీ ఇబ్బంది ఉండదు' అన్నాడు. నేను టికెట్ కొట్టి తిరిగి చూస్తే స్టాపులో లేడు. రైలు కట్ట వైపు నడుచుకుంటా పోయినాడని ఎవరో అన్నారు. నలభై నిమిషాలైంది."

కృపామణి ముఖంలో నవ్వు ఆరిపోయింది. పాకాల స్టేషనులో పనిచేసే తన పాత సహచరుడి నంబరు కోసం ఆమె వేళ్ళు అప్పటికే ఫోను మీద పరుగెడుతున్నాయి. మహిత ఏడవలేదు. గడియారం, తాళం ఎవరికైనా ఇచ్చేసి చేతులూపుకుంటూ నడిచిపోయే మనిషి తలలో ఏమి తిరుగుతూ ఉంటుందో అక్కడున్న వాళ్ళలో ఆమెకొక్కతికే తెలుసు. డాక్టర్ సుజనకు ఫోను కలిపి చెవికి ఆనించుకుని, ధనంజయ కారు ముందు తలుపు తీసి కూర్చుంది.

"నువ్వు తోలప్పా, పాకాలకు. బిన్నే, తొందరగా." తర్వాత కృపామణి వైపు తిరిగింది. "అక్కా, పాప తిరుపతికి వస్తా ఉండాది. బస్టాండులో నువ్వు దించుకో. నేను వాళ్ళ నాయనను తీసుకోని వస్తాను."